నిలదొక్కుకునే పల్లె ఆర్థికం: వర్ని, నిజాంసాగర్ ఆయకట్టు

పల్లె ఆర్థిక వ్యవస్థకు నిలకడ ఉందనడానికి గుర్తు, దెబ్బ తగిలిన తరువాత ఆ ఊరు తేరుకునే తీరు. కాలువకు నీళ్లు రాని ఏడు, కార్ఖానా మూతబడిన ఏడు, ధర కూలిన ఏడు కూడా కుటుంబాలు భూమి అమ్ముకోకుండా, పిల్లల చదువు మాన్పించకుండా నెట్టుకురాగలిగితే అక్కడ నిలకడ ఉన్నట్టు. ఇది సంపదకు మారుపేరు కాదు. బంగారం లాంటి మాగాణి ఉన్న ప్రాంతం కూడా ఒకే పంటను, ఒకే కొనుగోలుదారును నమ్ముకుంటే ఒక్క దెబ్బకు కుదేలవుతుంది. చెల్క నేలల మీద బతికే ఊరు నాలుగు రకాల ఆదాయం చూసుకుంటే కరువును దాటగలదు. ఆదాయపు దారులు ఎన్ని ఉన్నాయన్నది ఒక కొలత. వచ్చిన డబ్బు ఊళ్లో ఎన్ని చేతులు మారి బయటికి పోతుందన్నది మరో కొలత. వీటికంటే లోతైనది ఇంకొకటి ఉంది: నీటి పంపకం, అప్పు, పంట ధర విషయాల్లో నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

నిజామాబాద్ జిల్లాలోని వర్ని మండలం బాన్సువాడ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఈ ప్రశ్నలను పరిశీలించడానికి ఇది తగిన చోటు. నూరేళ్లలోపే ఈ నేల పెద్ద కాలువను, చక్కెర పరిశ్రమను, కోస్తా నుంచి వచ్చిన రైతుల వలసను, గల్ఫ్‌కు వెళ్లిన కూలీల వలసను, పరిశ్రమ మూతను, ప్రభుత్వ ధాన్యం కొనుగోలును వరసగా చూసింది.

ప్రాంతం

వర్ని ఊరు నిజాంసాగర్ కాలువ ఆయకట్టులో ఉంది. ఒక వైపు వరి మాగాణి, మరో వైపు గుట్టలు, అడవి, లంబాడీ తండాలు. పాత వర్ని మండలం విశాలమైనది. 2016 జిల్లాల పునర్విభజనలో రుద్రూర్, ఆ తరువాత చందూర్, మోస్రా విడి మండలాలయ్యాయి. ఆ పునర్విభజనలోనే బాన్సువాడ పట్టణం కామారెడ్డి జిల్లాకు వెళ్లగా, వర్ని నిజామాబాద్ జిల్లాలోనే ఉండిపోయింది. ఎమ్మెల్యే ఒకరే, కలెక్టర్లు ఇద్దరు. రైతుకు సంత, ఆసుపత్రి, బంధుత్వాలు మాత్రం బాన్సువాడ, బోధన్, నిజామాబాద్‌ల మధ్య పాత దారుల్లోనే సాగుతున్నాయి.

గుట్టల మీది బడాపహాడ్ దర్గాకు మతభేదం లేకుండా జనం వస్తారు. ఉర్సు రోజుల్లో మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి కూడా భక్తులు రావడంతో మేకలు, కోళ్లు, పూలు, మిఠాయి, ఆటోల వ్యాపారం జోరందుకుంటుంది. వాన మీద, కాలువ మీద ఆధారపడని ఆదాయం ఇది. ఆయకట్టు లెక్కల్లో ఇది ఎక్కడా కనిపించదు, కాని నీళ్లందని గుట్టల వైపు పల్లెలకు దీని విలువ ఎక్కువ.

కాలువ, క్యాంపులు

మంజీర నది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా వచ్చి, రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. దీనిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య నిజాం ప్రభుత్వం 1923లో నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలుపెట్టి 1931లో పూర్తి చేసింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. ప్రధాన కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాల మీదుగా నిజామాబాద్ దాకా సుమారు 155 కిలోమీటర్లు సాగుతుంది.

నీళ్లు వచ్చినంత మాత్రాన సాగు రాలేదు. జొన్న, పప్పులు, పత్తి వేసే రేగడి నేలల్లో ఒక్కసారిగా వరి మళ్లు కట్టడానికి కావలసిన అనుభవం, పశువులు, పెట్టుబడి స్థానిక రైతులందరికీ లేవు. అప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి రైతులు వచ్చారు. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ పలు ఎకరాలు వచ్చేవి. వారు గుడిసెలు వేసుకున్న చోట్లు క్యాంపులయ్యాయి. గుడిసెలు పోయి డాబాలు వచ్చినా పేరు మాత్రం క్యాంపుగానే ఉండిపోయింది. బాన్సువాడ, వర్ని, బోధన్, కోటగిరి, బీర్కూర్ ప్రాంతాల్లో ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. వరినాటులో, రైస్ మిల్లు నడపడంలో డెల్టా నేర్పు వీరి వెంట వచ్చింది. ఒకరికొకరు పూచీకత్తుగా నిలబడి అప్పు పుట్టించుకోవడం, బడి కోసం చందాలు వేసుకోవడం కూడా ఆ క్యాంపులను నిలబెట్టాయి. బయటినుంచి వచ్చిన నైపుణ్యం స్థానికంగా వేళ్లూనుకోవడానికి ఈ పరస్పర నమ్మకమే ప్రధాన కారణం.

దీనికి రెండో పార్శ్వం ఉంది, దాన్ని దాచకూడదు. ధర తెలియక తక్కువకు భూమి అమ్ముకున్న స్థానిక రైతుల్లో కొందరు అదే భూమిలో కూలీలయ్యారు. తండాల వాళ్లు కాలువ తవ్వకంలోనూ నాట్లలోనూ పని చేశారు గాని ఆయకట్టులో వారికి దక్కిన భూమి స్వల్పం. జలాశయం కింద మునిగిన ఊళ్ల వాళ్లు చెల్లాచెదురయ్యారు. ఒక ప్రాంతం మొత్తం ఆదాయం పెరగడం, అందులోని ప్రతి కుటుంబం తట్టుకునే శక్తి పెరగడం రెండూ ఒకటి కావు. భూమి లేని ఇంటికి కాలువ ఇచ్చింది కూలి పని మాత్రమే. కాలువ ఎండితే ముందు పోయేదీ అదే.

కాలువ ఎండే రోజులు త్వరగానే వచ్చాయి. జలాశయంలో పూడిక చేరింది. మొదట 30 టీఎంసీలకు దగ్గరగా ఉన్న నిల్వ సామర్థ్యం సగానికి మించి పడిపోయింది. 1970లలో మట్టం పెంచి దాన్ని సుమారు 17.8 టీఎంసీలకు తెచ్చారు. 1980ల చివరకు ఎగువన సింగూరు ఆనకట్ట పూర్తయింది. మంజీర నీటిలో హైదరాబాద్ తాగునీటికి వాటా పోవడంతో ఆయకట్టుకు నీళ్లు ఎప్పుడు వస్తాయన్నది దూరాన ఉన్న నగరం అవసరాలతో ముడిపడింది. 2015-16 కరువులో సింగూరు, నిజాంసాగర్ రెండూ అడుగంటాయి.

నీరు తగ్గినప్పుడు పంచుకోవడం ఎలా అన్నదానికి తెలంగాణ చెరువుల కింద పాత పద్ధతి ఒకటుంది. చెరువులో ఉన్న నీటిని చూసి ఈ యాసంగిలో ఇన్ని ఎకరాలే తడపాలని ఊరు కూర్చుని నిర్ణయించే తైబంది అది. అందరి భూమిలోనూ కొంత కొంత సాగవుతుంది. నీరటి ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు విడవాలో చూస్తాడు. ఉమ్మడి వనరులను ప్రభుత్వమో మార్కెట్టో కాక వాడుకునే వాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని అమెరికా పరిశోధకురాలు ఎలినర్ ఆస్ట్రమ్ 1990లో తన పుస్తకంలో నిరూపించింది. ఆమెకు 2009లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి రావడానికి ఆ కృషే కారణం. తైబంది ఆమె చెప్పిన సూత్రాలకు సరిపోయే పద్ధతి.

పెద్ద కాలువ కింద ఆ పద్ధతి అంత సులువుగా ఇమడలేదు. డిస్ట్రిబ్యూటరీ తల దగ్గరి రైతుకు నీళ్లు పుష్కలం, తోక రైతుకు ఎదురుచూపులు. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ చట్టం చేసి, నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. మొదటి ఏళ్లలో పూడికతీత, తూముల మరమ్మతు రైతుల పర్యవేక్షణలో జరిగాయి. తరువాత నిధులు, ఎన్నికలు రెండూ సక్రమంగా సాగక సంఘాలు బలహీనపడ్డాయి. తోక ఆయకట్టుకు ఊరట వేరే దారిలో వచ్చింది. గోదావరిపై శ్రీరాంసాగర్ వెనుక నీటిని తోడే అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు 2000ల దశాబ్దంలో నిర్మాణమై నిజాంసాగర్ చివరి భూములను అందుకున్నాయి. దానితో వర్ని లాంటి పై భాగాల మీద భారం తగ్గింది. మరోవైపు ఎవరికి వారు వేసుకున్న బోరుబావులు, 2018 జనవరి నుంచి వ్యవసాయానికి వచ్చిన 24 గంటల ఉచిత కరెంటు రెండో ఆసరా అయ్యాయి. కాలువ నీరు ఇంకి బోరుకు చేరుతుంది; కాలువ ఆగిన ఏడు బోరు పంటను గట్టెక్కిస్తుంది. ఒకదానికొకటి తోడుగా ఉన్న ఈ రెండు వనరుల అమరిక ఆయకట్టుకు దొరికిన నిజమైన రక్షణ. దాన్ని నియమం లేకుండా తోడేస్తే మిగలదు. బోరు నీటికి తైబంది లాంటి ఊరుమ్మడి నియమం ఇంకా రాలేదు.

చక్కెర పరిశ్రమ పాఠం

1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. కంపెనీకి సొంత చెరకు తోటలు, చెరకు మోసే చిన్న రైలు మార్గాలు, కార్మికులకు ఇళ్లు, బడి, ఆసుపత్రి ఉండేవి. వర్ని, రుద్రూర్, కోటగిరి రైతులకు చెరకు నమ్మకమైన పంట అయింది. కోతకు వచ్చే కూలీలు, బండ్ల వాళ్లు, బెల్లం వండేవాళ్లు, బజారు దుకాణాలు అందరికీ దానితో సంబంధం ఉండేది. నిజాం కాలంలోనే రుద్రూర్‌లో మొదలైన పరిశోధన కేంద్రం చెరకు, వరి రకాలపై పని చేస్తూ వచ్చింది. పరిశోధన, సాగు, పరిశ్రమ మూడూ ఒకే చోట కలవడం దేశంలో చాలా ప్రాంతాలకు దక్కని అదృష్టం.

2002లో ప్రభుత్వం ఈ సంస్థలో 51 శాతం వాటాను ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చి, నిజాం దక్కన్ షుగర్స్ పేరుతో ఉమ్మడి సంస్థగా మార్చింది. శక్కర్‌నగర్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి కర్మాగారాలు దీని కిందికి వచ్చాయి. 2015 డిసెంబరులో మూడింటికీ లేఆఫ్ ప్రకటించారు. చెరకు వేసినవాళ్లు దూరపు మిల్లులకు తోలుకోవలసి వచ్చింది; మెల్లగా చెరకు తగ్గి, ఆ మడుల్లోకీ వరి వచ్చింది. పునరుద్ధరణ హామీలు ప్రతి ఎన్నికలోనూ వినిపించాయి.

ఇదే కాలంలో స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో జరిగినదాన్ని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మాండ్రగాన్ పట్టణంలో 1956లో ఒక మతాచార్యుడి ప్రోత్సాహంతో కార్మికులే యజమానులుగా మొదలైన సహకార సంస్థల సముదాయంలో, 2013లో అన్నిటికంటే పాతదైన ఫాగర్ గృహోపకరణాల కర్మాగారం దివాలా తీసింది. సముదాయంలోని మిగతా సహకార సంస్థలు ఆ సభ్యుల్లో ఎక్కువ మందికి వేరే పనులు చూపించాయి లేదా ముందస్తు విరమణ ఏర్పాటు చేశాయి. నష్టం జరగక మానలేదు, కాని ఊరు కూలలేదు. శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ పక్కన నిలబడే మరో సంస్థ లేదు. చెరకు రైతుకూ కార్మికుడికీ ఫ్యాక్టరీలో యాజమాన్యం లేదు. ముందు ప్రభుత్వం, తరువాత కంపెనీ నిర్ణయాలు తీసుకున్నాయి. ఫలితం మాత్రం ఊళ్లు మోశాయి. జిల్లాలో సారంగాపూర్ దగ్గర రైతుల సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా ఉండేది, అదీ మూతపడింది. సహకార సంఘం అన్న పేరు ఉంటే సరిపోదని అది చూపించింది. రాజకీయ నియామకాలతో, ప్రభుత్వ వాటా ధనంతో నడిచే సంఘంలో సభ్యుడు తన డబ్బు పోతోందని గుర్తించేసరికే ఆలస్యమవుతుంది.

వరి, ఒకే కొనుగోలుదారు

చెరకు పోయిన చోట వరి నిండింది. 2014 తరువాత తెలంగాణలో వరి సాగు విపరీతంగా పెరిగింది. అందులో నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల పాత్ర పెద్దది. ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) మహిళా సంఘాలు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు ఊళ్లలోనే కొనుగోలు కేంద్రాలు పెట్టి మద్దతు ధరకు ధాన్యం తీసుకుంటాయి. 2024-25కు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. సన్న రకాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. దళారీ చేతిలో తూకం మోసాలకు, తరుగు కోతలకు అలవాటుపడ్డ రైతుకు ఇది పెద్ద మేలు. సంఘాలకు కమీషన్ వస్తుంది, హమాలీలకు పని దొరుకుతుంది.

అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు వద్దంటే ఏమవుతుందో 2021-22 యాసంగిలో తెలిసింది. వేసవి ఎండకు పండే యాసంగి ధాన్యాన్ని పచ్చిగా మరపడితే నూక ఎక్కువ వస్తుంది. అందుకే దాన్ని ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం చెప్పింది. యాసంగిలో వరి వేయవద్దని రాష్ట్రం చెప్పింది. రెండు ప్రభుత్వాల వాదన మధ్య రైతులు నెలల తరబడి ఆందోళనలో గడిపారు. కొందరు బీడు పెట్టుకున్నారు, కొందరు మొండిగా నాట్లేశారు. 2022 ఏప్రిల్‌లో చివరకు రాష్ట్ర ప్రభుత్వం కొనుగోలుకు ముందుకొచ్చింది. ఆ సంవత్సరం మినుము, శనగ, మొక్కజొన్న లాంటివి వేద్దామనుకున్న రైతుకు ఎదురైన చిక్కు, వాటికి ఊళ్లో అంత భరోసాగా కొనే కేంద్రం లేకపోవడమే. పంట మార్పిడి కరపత్రాలతో రాదు. మారిన పంటను కొనే మనిషి, ఆరబెట్టే కల్లం, నిల్వ చేసే గోదాము ముందుగా ఉండాలి.

ధాన్యంగా అమ్మినప్పుడు ఊరికి వచ్చేది ధాన్యం ధర మాత్రమే. తవుడు నూనె మిల్లులకు, నూకలు దాణాకు, ఊక బాయిలర్లకు పోయి వేరేచోట ఆదాయమవుతాయి. బాన్సువాడ, బోధన్, వర్ని ప్రాంతంలో రైస్ మిల్లులు ఉండటం వల్ల అందులో కొంత ఇక్కడే మిగులుతోంది. మిల్లు కూలీ ఊళ్లో సరుకు కొంటాడు, ఆ దుకాణదారు పక్క ఇంటి పాలు కొంటాడు. ఒక రూపాయి ఇలా ఎన్నిసార్లు తిరిగితే ఊరికి అంత బలం. రుద్రూర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపే ఆహార విజ్ఞాన సాంకేతిక కళాశాల ఉంది. అక్కడి చదువు పక్క ఊరి మహిళా సంఘాల చేతి పనికి జతపడితే చిన్న స్థాయి శుద్ధి కేంద్రాలకు దారి ఏర్పడుతుంది. పరిశోధన కేంద్రం, కళాశాల, ధాన్యం మూడూ ఒకే చోట ఉండి కూడా ఆ కలయిక పెద్దగా జరగకపోవడం ఈ ప్రాంతం పోగొట్టుకుంటున్న అవకాశం.

అప్పు, అమ్మకం, సభ్యత్వం: ముల్కనూరు

స్థానిక ఆర్థికాన్ని నిలబెట్టే సంస్థ ఎలా ఉండాలన్నదానికి తెలంగాణలో అన్నిటికంటే స్పష్టమైన సమాధానం ముల్కనూరు. పూర్వం కరీంనగర్ జిల్లాలో ఉండి ఇప్పుడు హనుమకొండ జిల్లాలో చేరిన భీమదేవరపల్లి మండలంలోని ఈ ఊరికి పెద్ద కాలువ లేదు. బావులు, చెరువులు, చెల్కలే దిక్కు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో 14 గ్రామాల రైతులు ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘాన్ని స్థాపించారు. మాండ్రగాన్ మొదలైన సంవత్సరమూ అదే కావడం విశేషం.

ఈ సంఘం అప్పును అమ్మకంతో కలిపింది. సభ్యుడికి విత్తనం, ఎరువు, నగదు సంఘమే ఇస్తుంది. పంట చేతికి వచ్చాక సభ్యుడు దాన్ని సంఘానికే తెస్తాడు. ధరలో అప్పు మినహాయించుకుని మిగతాది చేతికిస్తారు. అప్పు వసూలు కోసం ఎవరి ఇంటి తలుపులూ పీకనక్కరలేదు. ధర కోసం రైతు ఎవరి గడపా తొక్కనక్కరలేదు. ధాన్యాన్ని సంఘం తన మిల్లులో ఆడిస్తుంది, పత్తిని తన జిన్నింగు మిల్లులో వడుకుకు సిద్ధం చేస్తుంది, వరి విత్తనాన్ని శుద్ధి చేసి అమ్ముతుంది. వచ్చిన మిగులులో వాటా సభ్యులకు తిరిగి చేరుతుంది. సరుకు ఎక్కువ తెచ్చినవారికి ఎక్కువ. సంఘం పరిధి పెరగాలని తొందరపడలేదు. సభ్యులు ఒకరినొకరు ఎరిగిన పరిధిలోనే లోతుగా పెరిగింది. రాష్ట్రంలో వందలాది సహకార సంఘాలు రుణమాఫీల రాజకీయంలో, ఎగవేతల్లో చితికిపోయిన దశాబ్దాల్లో ఇది లాభాల్లో నడిచింది.

1995లో ఉమ్మడి రాష్ట్రంలో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘాలకు ప్రభుత్వ అజమాయిషీ నుంచి ఇది విముక్తి ఇచ్చింది. ఆ చట్టం నీడలో 2000లో ముల్కనూరులోనే మహిళల పాడి సహకార సంఘం మొదలైంది. సభ్యులూ పాలకవర్గమూ మహిళలే. పాల డబ్బు వారి పేరుతో వారికే వస్తుంది. వరి ఆరు నెలలకు ఒకసారి డబ్బిస్తే పాలు పదిహేను రోజులకోసారి ఇస్తాయి. కరువులో ముందుగా ఎండేది మడి; గేదె మీద ఇల్లు కొంతకాలం నడుస్తుంది. అందుకే పాడిని అదనపు ఆదాయం అని తేలికగా తీసేయకూడదు. వర్ని ఆయకట్టులో వరిగడ్డి దండిగా ఉంది. ఈ దారికి కావలసిన మొదటి సరుకు అక్కడ సిద్ధంగానే ఉన్నట్టు.

మహిళా సంఘాల పొదుపు ఉద్యమం వెనుక 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఉంది. సారాకు పోకుండా మిగిలిన డబ్బును రోజుకో రూపాయిగా దాచుకోవడం దాని నుంచి వచ్చిన అలవాటు. 2000లో వెలుగు పథకం, తరువాత ఇందిరా క్రాంతి పథం దాన్ని గ్రామ, మండల సమాఖ్యలుగా పేర్చాయి. 2010లో ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యలకు దారితీయగా వాటిని కట్టడి చేస్తూ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో స్త్రీనిధి అనే రుణ సంస్థ ఏర్పడి సమాఖ్యల ద్వారా త్వరగా అప్పు ఇవ్వసాగింది. అప్పు సులువుగా దొరకడం ఒకటే సంఘాన్ని బలపరచదు. ధాన్యం కేంద్రం నడిపిన అనుభవం, తూకం చూసిన చూపు, మిల్లర్‌తో మాట్లాడిన ధైర్యం సంఘ సభ్యురాళ్లకు ఎక్కువ బలమిచ్చాయి.

అంకాపూర్, గ్రామాభివృద్ధి కమిటీలు

ఇదే జిల్లాలో ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ మరో దారి చూపింది. అక్కడి రైతులు దశాబ్దాల కింద జొన్న, సజ్జ హైబ్రిడ్ విత్తనోత్పత్తికి దిగారు. ఊళ్లోనే విత్తన శుద్ధి కేంద్రాలు లేచాయి. పసుపు, మొక్కజొన్న, కూరగాయలు ఒకదాని వెంట ఒకటి వేస్తారు. కూరగాయల బజారును మహిళలు నడుపుతారు. పచ్చి మొక్కజొన్న పొత్తుల వ్యాపారం, దేశీ కోడి కూర పేరు కూడా ఊరికి ఆదాయమయ్యాయి. పంట సంవత్సరంలో నాలుగైదు సార్లు డబ్బుగా మారేలా చూసుకోవడం, పంట కొనేవాళ్లను ఊరికే రప్పించుకోవడం ఈ ఊరి నేర్పు.

విత్తన పంటలో ప్రమాదమూ ఉంది. ఆర్మూర్ ప్రాంతపు ఎర్రజొన్న రైతులు కొద్దిమంది వ్యాపారుల మీద ఆధారపడ్డారు. 2008లో డబ్బు చెల్లింపులు ఆగిపోవడంతో పెద్ద ఆందోళన జరిగింది. పసుపు ధర కోసం చేసిన పోరాటం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది అభ్యర్థులు పోటీలో నిలిచేదాకా వెళ్లింది. వారిలో అత్యధికులు రైతులు. 2023లో ప్రకటించిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు మరో ప్రత్యేకత. కులానికొకరు చొప్పున ప్రతినిధులు కూర్చుంటారు. చేపల హక్కు, దుకాణాల వేలం, చందాల ద్వారా వచ్చిన డబ్బుతో బడి గదులు, గుడి, మంచినీటి ప్లాంటు కట్టిస్తారు. ఊరి డబ్బు ఊరికే ఖర్చు కావాలన్న ఆలోచన గొప్పది. కాని వీటికి చట్టబద్ధత లేదు; ఎదురు చెప్పిన కుటుంబాలకు జరిమానా వేసి సాంఘిక బహిష్కరణ చేసిన ఘటనలు పోలీసు కేసుల దాకా వెళ్లాయి. మహిళలకు, చిన్న కులాలకు గొంతు లేని ఐక్యత కష్టకాలంలో బలహీనుడినే ముందు వదిలేస్తుంది. అలాంటి ఐక్యతను నిలకడ అనడం సరికాదు.

నీళ్లందని నేలలు

కాలువ ఎక్కని గుట్టలు, తండాల పరిస్థితికి దగ్గరి ఉదాహరణ ఆయకట్టులో దొరకదు. జహీరాబాద్ వైపు చూడాలి. పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఎర్ర నేలల్లో చిన్న కమతాలున్న దళిత మహిళలను సంఘాలుగా కూర్చింది. బీళ్లు బాగు చేసి జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర కలిపి వేశారు. విత్తనం ఇంట్లో మట్టితో, వేపాకుతో కాపాడుకుని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. పండిన జొన్నను ఊరి గిడ్డంగిలో పెట్టి పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చే సొంత రేషన్ పద్ధతి నడిపారు. 2008లో వాళ్లే నడిపే సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఒకే చేలో పది రకాలు ఉంటే వాన ఎలా పడినా ఏదో ఒకటి చేతికొస్తుంది. అప్పు చేసి కొనవలసినది తక్కువ కాబట్టి పంట పోయినా అప్పు మిగలదు.

ఇలా నిలబడటం వేరు, ఆదాయం పెరగడం వేరు. తండా యువకుడికి చదువు, నగదు, బస్సు కావాలి. చిరుధాన్యాలకు పట్నంలో గిరాకీ పెరిగినా, దానిలో ఎక్కువ వాటా శుద్ధి చేసి పొట్లం కట్టిన కంపెనీకే పోతోంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. దానితో రోడ్డు, నీరు, ఉపాధి హామీ పనుల ఎంపిక వారి చేతికి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం కరువు ఏడాదిలో కూలికి కనీస భరోసా అయింది. పొలం గట్లు, నీటి గుంతలు, చెరువు పూడిక లాంటి పనులు ఎంచుకున్న ఊళ్లకు మరుసటి పంటకూ లాభం మిగిలింది.

బీడీ, గల్ఫ్

నిజామాబాద్ పల్లెల్లో పొలం పని లేని రోజుల్లో ఆడవాళ్ల చేతికి వచ్చేది బీడీ చాట. తునికాకు, తంబాకు కమీషన్‌దారు ఇస్తాడు. చుట్టిన బీడీల్లో నచ్చనివి తీసేసి మిగతా వాటికి వెయ్యికి ఇంత అని కడతారు. నడుములు, ఊపిరితిత్తులు పాడవుతాయి. అయినా ఆ డబ్బుతో ఎన్నో ఇళ్లు నడిచాయి, భవిష్యనిధి ఖాతాలూ వచ్చాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను మొదలుపెట్టింది. పొగాకు వాడకం తగ్గడం అందరికీ మంచిదే. ఆ పనికి బదులు ఇంటి దగ్గరే చేసుకోగల మరో పని ముందుగా సిద్ధం చేయడం ఆ ఆడవాళ్లకు సమాజం బాకీ ఉన్న న్యాయం.

1970ల నుంచి మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు. ఏజెంటుకు కట్టిన డబ్బు తీర్చడానికే మొదటి ఒకటి రెండేళ్లు పోతాయి. ఆ తరువాత వచ్చే సొమ్ము ఇంటికి, పెళ్లికి, బోరుకు, భూమికి వెళ్తుంది. కాలువ ఎండిన ఏళ్లలో ఎన్నో ఇళ్లను గల్ఫ్ డ్రాఫ్టులు నిలబెట్టాయి. 2020లో కరోనా వల్ల పెద్ద సంఖ్యలో కార్మికులు తిరిగివచ్చినప్పుడు వారి నైపుణ్యాలకు ఊళ్లో తగిన పని లేదన్నది బయటపడింది. వెల్డింగు, ఎలక్ట్రికల్ పని, భారీ యంత్రాలు నడపడం తెలిసిన వారు వరికోత యంత్రాల మరమ్మతు, సౌర పంపుల బిగింపు లాంటి వాటిలో ఇమడగలరు. అలాంటి చిన్న షెడ్డుకు పెట్టుబడి ఇవ్వగలిగేది ఊరి సహకార సంఘమే. గల్ఫ్ సొమ్మును డిపాజిట్‌గా తీసుకోగలిగేదీ అదే.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరాన ఫోగో ద్వీపం, ఊరు విడవాలా ఉన్న చోటే పని కల్పించుకోవాలా అన్న ఇలాంటి సందర్భంలోనే ఒక నిర్ణయం తీసుకుంది. 1960లలో ప్రభుత్వం మారుమూల జాలరి ఊళ్లను ఖాళీ చేయించి పట్టణాల దగ్గరకు చేర్చాలనుకుంది. 1967లో ఫోగో వాసులు తమ కష్టాలను, ఆలోచనలను చెబుతుండగా తీసిన చిన్న చిత్రాలను ఊరూరా కలిసి చూశారు. ఒక చివరి ఊరివాళ్లకు మరో చివరి ఊరి బాధ తమదేనని అప్పుడు తెలిసింది. ద్వీపం విడవకూడదనుకున్నారు, చేపల సహకార సంఘం పెట్టుకుని పెద్ద పడవలు కట్టుకున్నారు. 1992లో కాడ్ చేపల వేటను ప్రభుత్వం నిషేధించినప్పుడు ఆ తీరమంతా వలసలు పట్టింది. ఫోగో నుంచీ జనం వెళ్లారు గాని సంఘం పీతలు, రొయ్యల వైపు మళ్లి నిలబడింది. నిజాంసాగర్ ఆయకట్టులో పంట మారవలసి వచ్చినప్పుడు అలా మళ్లించగల పరిమాణంలో ఉన్న సంస్థలు ప్రాథమిక సహకార సంఘాలు, మహిళా సమాఖ్యలు. వాటికి కల్లాలు, గోదాములు, తూకం యంత్రాలు, లెక్కలు రాసే మనుషులు ఇప్పటికే ఉన్నారు. సొంత మిల్లు, పాలకేంద్రం, వరి కాక మరో రెండు పంటలు కొని అమ్మే నిధి చాలా చోట్ల లేవు.